ముందు మనిషి, తర్వాత చోటు

మా ఇంగ్లీషు సారు తన సర్వీసంతటిలో ఒక్క పిల్లను కూడా కొట్టలేదు. ఈ మాట ఆయనే చెప్పుకునేవాడు, అదీ గర్వంగా. అబద్ధం కాదు. కొట్టే పని మా చేతే చేయించేవాడు.

విడవలూరు మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లో నేను ఆరో తరగతి చదివాను. బడి వెనక సర్వి తోట, తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. గాలి ఎక్కువగా ఉన్న రోజు సారు చెప్పేది వెనక వరసకు వినపడేది కాదు. అందుకే ఆయన చెప్పి నేర్పడం మానేసి చేయించి నేర్పడం మొదలుపెట్టాడేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన్ని వెనకేసుకు రావడానికి ఇంతకన్నా మంచి సాకు నాకు దొరకలేదు.

ఒక శనివారం ఆయన బోర్డు మీద నల్లగా మిగిలిన చోటంతా వాడుకుని తెలుగులో నాలుగు మాటలు రాశాడు. ముందు మనిషి, తర్వాత చోటు. కింద గీత గీసి మా వైపు తిరిగాడు.

“ఒరే, మనం ఏమంటాం? వాడు నా తల మీద కొట్టినాడు అంటాం. దెబ్బ తలకి. తల నాది. అంతే గదా? ఇంగ్లీషోడు అట్టా అనడు. హి హిట్ మీ ఆన్ ది హెడ్ అంటాడు. ముందు నన్ను కొట్టినాడు. యాడ కొట్టినాడో తర్వాత చెప్తాడు. క్రియ పక్కనే మనిషి నిలబడాల. మీ, హిమ్, హర్, ఎవరైతే వాళ్లు. ఆ తర్వాతే చోటు.”

కొడితే ఆన్. పట్టుకుని లాగితే బై. గుద్దితే ఇన్. ఇన్ ది స్టమక్, బై ది కాలర్, ఆన్ ది బ్యాక్. మై హెడ్ అనకూడదు, ది హెడ్ అనాలి. ఎందుకని ఎవరో అడిగారు. “దెబ్బ పడినాక తల ఎవరిదని అడగరబ్బాయ్” అన్నాడు సారు. మేమందరం నవ్వాం.

ఆ తర్వాత ఆయన మమ్మల్ని ఎత్తును బట్టి, ఆడపిల్లకు ఆడపిల్లను చూసి, జంటలుగా నిలబెట్టాడు. అక్కడి నుంచి ప్రతి శనివారం రెండో పీరియడు ఒకే పద్ధతి. సారు ఇంగ్లీషులో ఒక ఆజ్ఞ ఇస్తాడు. జంటలో ఒకరు ఆ పని రెండోవాళ్ల మీద చేస్తారు. చేయించుకున్నవాళ్లు ఏడవకముందే, జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో చెప్పాలి. తప్పు లేకుండా చెబితే వంతు వాళ్లది. అదే దెబ్బ తిరిగి వేయవచ్చు. చెప్పలేకపోతే అదే దెబ్బ మళ్లీ తినాలి. మూడుసార్లు చెప్పలేకపోతే సారు తల అడ్డంగా ఊపి పక్క జంట దగ్గరికి వెళ్లేవాడు.

నా జంట మా వీధి పిల్లే. వాళ్ల నాన్న స్టవ్వులు, తాళాలు, టార్చిలైట్లు బాగుచేసేవాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్లేటప్పుడు మాత్రం చేతులకు కిరసనాయిలు వాసన లేకుండా కుంకుడురసంతో తోముకునేవాడు. మేం చర్చికి వెళ్లే మనుషులం. మా నాన్న సర్వి తోటలు నరికే కూలీల మేస్త్రీ. ఆదివారం పాస్టరు గారు రెండో చెంప చూపించమని చెప్పేవారు. శనివారం సారు మొదటి చెంప సంగతి చూసుకోమనేవాడు. నాకు శనివారమే ఎక్కువ నచ్చేది. ఇది దాచుకోవాల్సిన మాటే, కానీ దాస్తే ఇక రాయడమెందుకు?

మొదటి ఆజ్ఞ, “క్యాచ్ హర్ బై ది కాలర్.” నేను దాని యూనిఫాం చొక్కా కాలరు పట్టుకుని గుంజాను. పై గుండీ ఊడి నేల మీద పడి దొర్లింది. అది గొంతు సవరించుకుంది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. సారు “అగైన్” అన్నాడు. మళ్లీ గుంజాను. మళ్లీ నోరు మెదపలేదు. మూడోసారి కాలరు కుట్టు పర్రున చిరిగింది.

ఆ సంవత్సరమంతా అంతే. అది ఎన్నడూ చెప్పలేదు, అందుకని వంతు ఎన్నడూ దానిది కాలేదు. “హిట్ హర్ ఆన్ ది బ్యాక్” అంటే నడుం వంచి నిలబడేది. “పుష్ హర్ ఎగైనెస్ట్ ది వాల్” అంటే గోడ వైపు తనే రెండడుగులు నడిచేది, నా పని తగ్గించడానికన్నట్టు. నాకది ఒళ్లు మండించేది. కొట్టించుకునేవాళ్లు అంత నెమ్మదిగా ఉంటే కొట్టేవాళ్లకు ఇంకా కోపం వస్తుంది. తిరగబడితే ఏ చెంపదెబ్బతోనో ఆగిపోయేదాన్ని. అది తిరగబడలేదు. నేను వారం వారం బలం పెంచాను. శనివారం ఇంటికి వెళ్లేటప్పుడు నా అరచెయ్యి వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనం నాకు ఇష్టంగా ఉండేది.

మొద్దు అనుకున్నాను దాన్ని. క్లాసంతా అనుకుంది. సారు దాని పేరు పిలవడం మానేసి “సైలెంట్ పార్టీ” అనేవాడు.

మా ఊళ్లో దెబ్బ కొత్త సంగతేం కాదు. మా అమ్మ చేతికి ఏది దొరికితే దానితో కొట్టేది, ఎక్కువగా పప్పుగుత్తి దొరికేది. మొగుళ్లు పెళ్లాల్ని కొట్టేవాళ్లు, కల్లుపాక దగ్గర మగవాళ్లు ఒకళ్లనొకళ్లు కొట్టుకునేవాళ్లు, గాలి లేక పడవలు కదలని రోజుల్లో కుక్కల్ని కొట్టేవాళ్లు. కానీ ఆ దెబ్బలకు ఒక వరస, ఒక వాక్యం ఉండేవి కావు. సారు వచ్చాక నాకు ప్రతి దెబ్బా ఇంగ్లీషులో వినపడటం మొదలైంది. పొరుగింటి ఆయన భార్యను జుట్టు పట్టి ఈడుస్తుంటే, అందరూ వెళ్లి విడిపిస్తుంటే, నేను గోడ పక్కన నిలబడి లోలోపల పేర్చుకునేదాన్ని. హి డ్రాగ్డ్ హర్ బై ది హెయిర్. క్రియ, మనిషి, చోటు. సరిపోయిందా లేదా అని ఒకసారి చూసుకుని సంతోషపడేదాన్ని.

అన్నిటికన్నా పెద్దది మా చిన్నాన్న విషయం. ఆయన పడవ మీద కూలికి పోయేవాడు. ఒకరోజు పొద్దున రెండు పడవల వాళ్లకు వల తెగిన దగ్గర మాటా మాటా పెరిగింది. నేను అమ్మతో కలిసి చేపలకు వెళ్లి అక్కడే ఉన్నాను. ఎవడో తెడ్డు ఎత్తాడు. చిన్నాన్న చేతులు పైకి లేపేలోపే అది తల మీద పడింది. కొబ్బరికాయ పగిలిన చప్పుడే. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. రక్తం కనుబొమల దాకా వచ్చి, అక్కడ కాసేపు ఆగి, కళ్లలోకి జారింది. ఇంకొకడు వెనక నుంచి వీపు మీద తన్నాడు. అమ్మ గంప విసిరేసి గుండెలు బాదుకుంటూ పరిగెత్తింది. నేను కదల్లేదు. నా నోట్లో ఒక వాక్యం తయారవుతోంది. దే హిట్ హిమ్ ఆన్ ది హెడ్ విత్ యాన్ ఓర్.

సోమవారం సారుకు ఆ వాక్యం చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. విత్ అని చివర తగిలించడం మాకు ఆయన ఇంకా చెప్పలేదు, నేనే కథల పుస్తకంలో చూసి పట్టుకున్నాను. బోర్డు మీద రాసి, కింద గీత గీసి, క్లాసు చేత చప్పట్లు కొట్టించాడు. చిన్నాన్న అప్పటికి నెల్లూరు పెద్దాసుపత్రిలో తలకు కుట్లతో పడుకుని ఉన్నాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే నా పక్కన నా జంట మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“మీ చిన్నాయనకి ఇప్పుడు ఎట్టా ఉండాది మే?” అని మెల్లగా అడిగింది. ఆ ప్రశ్న క్లాసులో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు మా అమ్మని.

చప్పట్లు పాడుచేసిందని దాని మీద నాకు కోపం వచ్చింది. శనివారం దాకా ఆ కోపాన్ని భద్రంగా దాచుకున్నాను.

ఆ శనివారం సారు ఇచ్చిన ఆజ్ఞ “పుల్ హర్ బై ది ఇయర్.” దానికి చెవులకు చిన్న కమ్మలు ఉండేవి, బంగారువి కావు, వాళ్ల నాన్న ఏదో పాత ఇత్తడి ముక్క సానబట్టి చేసినవి. ఎడమ చెవి పట్టుకున్నాను. మొదటిసారి లాగాను. పలకలేదు. రెండోసారి లాగాను. పలకలేదు. “చెప్పవే, నోరు పడిపోయిందా” అని పళ్లు కొరుకుతూ మూడోసారి లాగినప్పుడు నా వేలు కమ్మలో ఇరుక్కుంది. తెలిసింది నాకు. వేలు కమ్మలో ఉందని తెలిసే లాగాను. తమ్మె నిలువునా చీలింది. కమ్మ నా చేతిలోకి వచ్చేసింది, దానితో పాటు రవ్వంత చర్మం.

అది అప్పుడు కూడా కేక పెట్టలేదు. రెండు చేతులతో చెవి మూసుకుని కిందికి కూర్చుంది. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారింది. సారు “అరెరె, అరెరె” అంటూ సుద్దముక్క పడేసి తడిగుడ్డ కోసం పరిగెత్తాడు. నాకు భయమేసింది. దానికేమవుతుందోనని కాదు. వాళ్ల నాన్న వచ్చి నన్నేం చేస్తాడోనని.

ఆయన వచ్చాడు. వరండాలో నిలబడి కూతుర్ని అడిగాడు, “ఎవరు చేసినారు?” అది నా వైపు చూడను కూడా లేదు. “ఎవరూ లేదు నాయనా. కంప దాటతా ఉంటే ముల్లుకి తగులుకున్నింది” అంది. సారు ఆ మాట పట్టుకుని, “అవునయ్యా, కంప కొట్టించమని ఎన్నిసార్లు చెప్పినా పంచాయతీవాళ్లు వినరు” అన్నాడు. ఇద్దరూ కలిసి నన్ను కాపాడారు. సారు తన కోసం, అది దేనికోసమో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఏడో తరగతి తర్వాత దాన్ని బడి మానిపించారు. నేను పదిలో మండలానికి ఇంగ్లీషులో మొదటి మార్కు తెచ్చుకున్నాను. డిగ్రీ చదివాను, బీఎడ్ చేశాను, ఆ పునాది మీదే బతుకు కట్టుకున్నాను. రేవు వచ్చింది, కరెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, రోడ్ల నిండా లారీలు వచ్చాయి, లారీలతో పాటు ముత్తుకూరు చుట్టుపక్కల ఇంగ్లీషు మీడియం బడులు వచ్చాయి. అలాంటి ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతూ వచ్చాను. పిల్లల్ని కొట్టకూడదని రాసిన కాగితం మీద ఏటా జూన్‌లో సంతకం చేసేదాన్ని. ఏటా జూలై నాటికి స్కేలు నా చేతిలో ఉండేది.

రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఆఫీసు ముందు ఒక ఆడమనిషి నిలబడి ఉంది, పక్కన తొమ్మిదో తరగతిలో చేరాల్సిన పిల్ల. తల మీద కొంగు సర్దుకుంటుంటే ఎడమ చెవి కనపడింది. తమ్మె రెండు పాయలుగా చీలి ఉంది. కుడి చెవికి కమ్మ, ఎడమ చెవి బోడిగా. ముప్పై అయిదేళ్లు దాటింది మేం కలిసి. నేను ముందు చెవిని గుర్తుపట్టాను, మొహాన్ని తర్వాత.

“బాగుండావా మే?” అంది నవ్వుతూ. వాళ్లాయన రేవులో లారీ తోలతాడట, కొత్తగా ఇక్కడ ఇల్లు తీసుకున్నారట. లేక లేక పుట్టిన ఒక్క కూతురట. వెళ్లేముందు పిల్లను బయట నిలబడమని చెప్పి నా చెయ్యి పట్టుకుంది.

“నీ చేతిలో పెడతా ఉండా. తిట్టు, నిలబెట్టు, పది మాట్లు రాయించు. కొట్టబాకు మే. అదొక్కటే.”

“నేనెందుకు కొడతానమ్మా” అన్నాను.

“మాటియ్యి.”

ఇచ్చాను. ఆ చేతిలోనే చెయ్యి వేసి ఇచ్చాను.

పిల్ల బాగా చదివేది. మాట తక్కువ, రాత శుభ్రం. ఏడు నెలలు నా మాట నిలబెట్టుకున్నాను. ఆ క్లాసులోకి స్కేలు తీసుకెళ్లడమే మానేశాను. నేను మారిపోయానని నాకు నేనే మురిసిపోయాను కూడా.

ఫిబ్రవరిలో ఆ పాఠం వచ్చింది, క్రియ పక్కన మనిషి, మనిషి వెనక చోటు. నేను మా సారు పద్ధతిలో సగం ఉంచుకున్నాను. జంటలుగా నిలబెడతాను, కానీ మెత్తటి ఆజ్ఞలిస్తాను. టచ్ హర్ ఆన్ ది షోల్డర్. ప్యాట్ హిమ్ ఆన్ ది బ్యాక్. పిల్లలు కిలకిల నవ్వుతూ చేస్తారు. ఆ రోజు కరెంటు లేదు. బొగ్గు లారీల దుమ్ముకు కిటికీలు మూసి ఉన్నాయి, లోపల ఉక్క. మెత్తటి వాక్యాలు అయిపోయాయి. ఆ పిల్ల వంతు వచ్చింది.

“పుల్ హర్ బై ది హెయిర్” అన్నాను. “ఊరికే, మెల్లగా.”

పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. “చెయ్యను మిస్.”

“ఎందుకు చెయ్యవు?”

“అది నన్నేం చేసింది మిస్, నేను లాగడానికి?”

క్లాసు గొల్లుమంది. వాళ్లు నవ్వింది నన్ను చూసేనని నాకు అనిపించింది. వెనక్కి పెట్టుకున్న ఆ చేతులు, బిగించిన ఆ పెదవులు నేను సంవత్సరం పాటు ఎదురుగా పెట్టుకుని చూసినవే. నాలో పాత కోపం దాని చోటు మర్చిపోకుండా లేచి వచ్చింది.

“మీ అమ్మా ఇంతే. ఒక్క ముక్క వచ్చేది కాదు. అదే మొద్దు నువ్వూ” అన్నాను, క్లాసులో అందరి ముందు.

“మా అమ్మ మొద్దు కాదు మిస్.”

గట్టిగా కూడా అనలేదు. నా చెయ్యి లేచింది. అరచెయ్యి పూర్తిగా విప్పి, భుజం నుంచి బలం తీసుకుని, దాని ఎడమ చెవి మీద వేశాను. చప్పుడు మూసిన గదిలో పగిలినట్టు వినపడింది. పిల్ల పక్కకు ఒరిగి బెంచీ అంచుకు తల కొట్టుకుని రెండు బెంచీల మధ్య పడింది. నేను అంతటితో ఆగానా అంటే లేదు. “లే! లేచి చెప్పు!” అని జబ్బ పట్టుకుని పైకి గుంజాను. అది లేచి నిలబడి చెవి మీద చెయ్యి పెట్టుకుంది. నా పెదవుల వైపే చూస్తోంది. నేనేమంటున్నానో దానికి వినపడటం లేదని ఆ చూపుతో తెలిసింది. వేళ్ల సందులో సన్నగా ఎర్రటి చార.

అరచెయ్యి వెచ్చగా ఉంది. ఆరో తరగతిలో ఉన్నట్టే ఉంది.

నెల్లూరులో డాక్టరు చూసి కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. తనంతట తానే మూసుకోవచ్చు, మూసుకోకపోనూవచ్చు, నీళ్లు తగలనీయకుండా కొన్ని వారాలు చూడాలి అన్నాడు. ఆ మొదటి రోజుల్లో నేను పడిన భయం గురించి చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే అందులో సగం భయం నా ఉద్యోగం గురించి. కేసు పెడితే ఇక ఏ బడిలోనూ నన్ను గేటు దాటనివ్వరు. మిగిలిన సగం ఆ చెవి గురించే. రాత్రి అన్నం ముందు కూర్చుంటే వేళ్లు పెట్టి కలపడానికి మనసొప్పేది కాదు, అవే వేళ్లు కాబట్టి.

మూడో రోజు కరస్పాండెంటు గారు తల్లీకూతుళ్లను పిలిపించారు. ఆయన గదిలో ఏసీ, టేబుల్ మీద గాజుపలక, గాజుపలక కింద పిల్లల ర్యాంకుల ఫొటోలు. ఆయన అప్పటికే నాతో మాట్లాడి ఉన్నారు. “మేడమ్, కొట్టారని రాయవద్దు. చెయ్యి తగిలింది అని రాయండి. వాళ్లు సంతకం పెడితే విషయం ఇక్కడితో అయిపోతుంది” అన్నారు. నేను రాసి ఉంచాను. పాఠం చెబుతుండగా విద్యార్థిని హఠాత్తుగా తల తిప్పినందువల్ల నా చెయ్యి పొరపాటున చెవికి తగిలినది. రాసినప్పుడు నాకెంత తేలికైపోయిందో! ఆ వాక్యంలో కొట్టినవాళ్లు లేరు. ఒక చెయ్యి ఉంది, ఒక చెవి ఉంది, రెండూ దారిలో ఎదురుపడ్డాయి.

నా జంట ఆ కాగితం తీసుకుని నిదానంగా చదివింది. పిల్ల చెవిలో దూదితో పక్కన కూర్చుంది, వినపడే చెవి మా వైపు తిప్పుకుని.

“తగిలిందా మే?” అంది.

నేను గాజుపలక కింది ర్యాంకుల ఫొటోలు లెక్కపెట్టాను.

“చూడమ్మా, మేడమ్ ఎంత సీనియరో నీకు తెలుసు గదా” అని కరస్పాండెంటు గారు అందుకున్నారు. “పొరపాటు అందరికీ…”

“మీరు కాసేపు గమ్మునుండండి సార్” అంది అది. గొంతు లేపలేదు. అది కూతురి భుజం తట్టింది. “ఏం జరిగిందో చెప్పుమా. ఇంగ్లీషులో చెప్పు. ఆమెకి అట్టయితేనే అర్థమవతాది.”

పిల్ల నా కళ్లలోకి చూసింది. “షి హిట్ మీ ఆన్ ది ఇయర్.”

ఒక్క తప్పు లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎక్కడో లోపల ఆ పాత పద్ధతి కదిలింది. తప్పు లేకుండా చెబితే వంతు వాళ్లది. నేను కుర్చీ వెనక్కి జరిపి లేచాను. టేబుల్ చుట్టూ తిరిగి పిల్ల ముందు వంగి, చెంప దాని వైపు పెట్టాను.

“కొట్టమ్మా. నీ వంతు” అన్నాను. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

“లేయ్” అంది వాళ్లమ్మ. “అది కొట్టదు. నేను కొట్టినానా ఏనాడైనా?”

“నీకు చెప్పడం రాలేదు గదా మే…”

అది నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు.

“నాకు రాదనుకున్నావా? సంవత్సరమంతా వింటా ఉంటే రాకుండా పోతాదా? చెప్తే వంతు నాదయిపోతాది. నిన్ను కొట్టాల. మీ అమ్మ ఇంట్లో పప్పుగుత్తితో కొట్టిన వాతలు నీ వీపు మీద నాకు కనపడతా ఉండేవి. దాని మీద నేను కూడానా?”

అది టేబుల్ మీద రెండు చేతులూ ఆనించి, బడిపిల్ల ఒప్పచెప్పినట్టు, మా సారు పలికినట్టే పలుకుతూ మొదలుపెట్టింది.

“యూ కాట్ మీ బై ది కాలర్. యూ హిట్ మీ ఆన్ ది బ్యాక్. యూ పుష్డ్ మీ ఎగైనెస్ట్ ది వాల్. యూ పంచ్డ్ మీ ఇన్ ది స్టమక్. యూ పుల్డ్ మీ బై ది హెయిర్. యూ స్లాప్డ్ మీ ఆన్ ది ఫేస్.” ఒక్కో శనివారం, వరస తప్పకుండా. నేను మర్చిపోయినవి కూడా ఉన్నాయి. మోకాలి వెనక తన్నడం, మెడ పట్టి వంచడం, మణికట్టు మెలితిప్పడం. ప్రతిదానిలో నేను ముందు, తను తర్వాత, చోటు చివర. చిట్టచివరికి ఎడమ చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చి, “యూ పుల్డ్ మీ బై ది ఇయర్” అని ఆపేసింది. వాళ్ల కూతురు నోరు తెరిచి తల్లినే చూస్తోంది. తల్లికి ఇంగ్లీషు వచ్చని దానికీ తెలియదు.

నేను ఆ కాగితాన్ని చింపేశాను. ఇంకో కాగితం తీసుకుని ఇంగ్లీషులో ఒకే వాక్యం రాశాను, ఐ హిట్ హర్ ఆన్ ది ఇయర్ అని. కింద సంతకం పెట్టి గాజుపలక మీద ఉంచాను. కరస్పాండెంటు గారు తల పట్టుకున్నారు. ఆ వారమే నా ఉద్యోగం పోయింది. పోవాల్సిందే, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆ పిల్ల వేరే బడికి మారింది. చిల్లు మూసుకుందని వేసవిలో ఎవరో చెబితే విన్నాను. అయినా ఎవరైనా పిలిస్తే కుడివైపే తిరుగుతుందట.

ఆ రోజు మాత్రం నేను వాళ్ల వెనకే గేటు దాకా పరిగెత్తాను. ఎండ, దుమ్ము, లారీల హారన్లు. ఆటో ఆగి ఉంది. అది కూతురి చెయ్యి పట్టుకుని ఎక్కించింది. నేను దాని కొంగు పట్టుకుని ఆపాను.

“ఒక్కటి కొట్టి పో మే” అని చెంప దాని వైపు పెట్టాను. “ఒక్క దెబ్బ. నీ కాళ్లు పట్టుకుంటా.”

అది కొంగు విడిపించుకుంది. మొహంలో నేను ఎన్నడూ చూడని కోపం. ఆరో తరగతిలో ఒక్క శనివారమైనా చూసుంటే బాగుండేది.

“కొడితే నీకు తేలికైపోతాది” అంది. “అందుకే కొట్టను.”

ఆటో కదిలింది. నేను గేటు దగ్గర చెంప అలాగే పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.